నంద్యాలనుండి అహోబిలము దాక: జిల్లా కలెక్టరు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నంద్యాల జిల్లా కలెక్టరు గారి సముఖమునకు, కొత్తపల్లె వాస్తవ్యుడును, చిరకాలము బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడును అయిన యొకడు నమస్కారపూర్వకముగా చేసికొను విన్నపము.

ఈ జిల్లాలో కొత్తపల్లెలు ఒకటి రెండు కావు. సంగమేశ్వరము గల మండలమునకే ఆ పేరున్నది గనుక, ఈ జాబు తమ కచేరీనుండి ఆ దిక్కునకు తరలిపోకుండునట్లు ముందుగనే మనవి చేయుచున్నాను: మేము నంద్యాలకును ఆళ్లగడ్డకును నడిమివారము. తూర్పున నల్లమల, పడమట కుందేరు, నడుమ నాలుగు చినుకులు పడినంతనే పట్టిన కాలు విడువని నల్లరేగడి. ఇవి మా ఎల్లలు.

తెల్లవారుజామున నాలుగున్నర గంటల వేళ, కర్నూలునుండి కడపకు పోవు 40వ నంబరు జాతీయ రహదారిమీద తమరెన్నడైనను ప్రయాణము చేసియున్నచో, అంచున గీచిన తెల్లగీతకు ఆవలివైపున, లారీ దీపముల వెలుగులో ఒక్క క్షణము కానవచ్చి మరల చీకటిలో కలసిపోవు యువకులను చూచియే యుందురు. వారు వినోదమునకు పరుగెత్తువారు కారు. కానిస్టేబులు ఉద్యోగమునకు ప్రాథమిక పరీక్ష నెగ్గినవాడు తరువాత ఎదుర్కొనవలసినది దేహదారుఢ్య పరీక్ష. మా పిల్లల నోట దాని పేరు ‘ఈవెంట్సు’. అందులో 1600 మీటర్ల పరుగు తప్పనిసరి. 2022 నవంబరులో 6,100 కానిస్టేబులు ఉద్యోగములకు ప్రకటన వెలువడగా, ఆ పరుగు మొదలైనది 2024 డిసెంబరు కడపటి రోజులలో. ఆ రెండేండ్లును ఏ వారమున పిలుపు వచ్చునో యెరుగక, పగలు పత్తిచేలలోను శనగచేలలోను కూలికి పోవుచు, వేకువను కాలిసత్తువ సడలనీయక పరుగెత్తుచునే యుండిన బిడ్డలు మా వీథిలో నున్నారు. ఆడుపిల్లలును ఉన్నారు. సైన్యములో చేరదలచినవారిదియు ఇదే కథ. బడి ఆవరణములు ఇరుకైనవి, పొలములు రేగడి. అడుగు తడబడని గట్టినేల ఈ ప్రాంతమున హైవే అంచు ఒక్కటే యని వారి నమ్మకము. అది నిజము కాదనియు, అంతకన్న యోగ్యమైన బాటలు ఈ నేలమీద ఏనాడో పడియున్నవనియు, వాటిని మనమే పోగొట్టుకొనుచున్నామనియు తమకు నివేదించుటకే ఈ లేఖ.

నేను క్రొత్తబాట కోరను. ఉన్న బాటలను ముళ్ళు నరికి, హద్దులు నిలిపి, ఒకదానితో నొకటి కలిపి, నంద్యాలనుండి అహోబిలమువరకు నడచువారికిని పరుగెత్తువారికిని నిరపాయమైన మార్గముగా ప్రకటింపుడని కోరుచున్నాను.

మొదట కాలువకట్ట. తమ జిల్లాను నిలువున చీల్చుకొనిపోవు కర్నూలు–కడప కాలువను, అనగా మేము కే.సీ. కెనాలు అని పిలుచుకొను దానిని, తమరు నీటివాటాల దస్త్రములలో నిత్యము చూచుచుందురు. తుంగభద్రమీద సుంకేసుల ఆనకట్టకడ బయలుదేరి కడపవరకు మూడువందల కిలోమీటర్లకు పైబడి సాగు ఈ కాలువను 1863 మొదలుకొని మద్రాసు ఇరిగేషను కంపెనీవారు త్రవ్వించిరి. లాభము రాక కంపెనీ కుదేలు కాగా, 1882లో దొరతనమువారే దానిని కొనవలసివచ్చినది. నష్టపోయిన కంపెనీ వాటాదారులను గూర్చి ఇప్పుడు మనము విచారపడనక్కరలేదు. గమనింపదగిన విషయము వేరొకటి: ఆ కంపెనీ దీనిని ఒక్క సేద్యమునకే గాక పడవలు నడుచుటకును ఉద్దేశించినది. తెరచాపకు గాలి చాలనినాడు పడవను త్రాటితో లాగువాడు కట్టమీద నడువవలెను గదా! కావున ఆ కట్ట పుట్టుకతోనే మనిషి కాలికి ఏర్పడిన బాట; నీటిపారుదలశాఖ జీపుకు అది తరువాతి కాలమున వచ్చిన యోగము.

పరుగెత్తువానికి ఇంతకన్న అనువైన నేల మరి యెక్కడ దొరకును? నీరు తనంత తాను పారవలెనన్న వాలు ఎంత మెల్లనిదిగా నుండవలెనో, దానిప్రక్కనున్న కట్టయు అంత చదునుగా నుండును, ఎత్తుపల్లములు లేవు. పరచిన గరుసు వానకు బురద కాదు. సిమెంటువలె మోకాలిచిప్పలను దెబ్బతీయదు. కాలువశాఖవారి కొలతరాళ్ళు అక్కడక్కడ ఇంకను నిలిచియున్నవి గనుక 1600 మీటర్లెంతో కొలుచుకొనుటకు వేరే సాధనము అక్కరలేదు. కుందేరుమీద సంతజూటూరు ఆనకట్ట, దిగువను రాజోలి ఆనకట్ట, నడుమ తూములు, రాతివంతెనలు. ఇవి చూడదగినవని మనము పిల్లలకెన్నడును చెప్పలేదు గాని, నూటయేబది యేండ్లనాటి పనితనము వాటిలో ఉన్నది. అట్టి కట్ట ఈనాడెట్లున్నది? ఒకచోట బండి పోవునట్లున్నది. వేరొకచోట సర్కారుకంప ఇరుదెసలనుండి మూసికొనివచ్చి మేకకైనను దారి యీయదు. మరియొకచోట ఊరిచెత్త యంతయు దానిమీదనే కుమ్మరింపబడుచున్నది. ఇంకొకచోట చేనివాడు కట్టను కొంచెము కొంచెముగా కొరుకుచు తన మడిలో కలుపుకొనుచున్నాడు. ఆ చివరివానిమీద నేను ఫిర్యాదు చేయుట లేదు. బాట యని ఎవరును చెప్పనిదానిని వాడు బాట యని యెట్లెరుగును?

ఇక పురాతనమైన దారులు. నంద్యాల చుట్టును వెలసిన నవనందులను కార్తికమాసమున ఒక్క పగటిలోనే దర్శించుట ఇచ్చటి ఆచారము. పట్టణములో ప్రథమనంది, నాగనంది, సోమనంది. అటుపై పల్లెలనడుమ సూర్యనంది, శివనంది, కృష్ణనంది. కడపట మహానందిలో మహానందీశ్వరుడును, వినాయకనంది, గరుడనందులును. ఉదయమున బయలుదేరి ప్రొద్దు క్రుంకులోపల తొమ్మిదింటిని చుట్టివచ్చుట, అందును కాలినడకను చుట్టివచ్చుట, ఏ పందెమునకును తీసిపోని శ్రమ. ఇప్పుడు ఆటోలు, కార్లు వచ్చినవి. భక్తి తగ్గినదని నేననను, బాట మాత్రము మాసినది. మహానంది కోనేటి స్ఫటికజలము బయటికి పొంగిపోయి అరటితోటలను తడుపుచుండగా ఆ కాలువగట్టులమీదుగా సాగెడు నడక యెంత చల్లనిదో, కారు అద్దము దించనివారికి ఎట్లు తెలియగలదు?

దక్షిణమున నున్నది అంతకన్న విచిత్రము. కనుమనాడు అహోబిల నరసింహుడు పారువేటకు కొండ దిగును. ఎగువనుండి జ్వాలానరసింహుడును, దిగువనుండి ప్రహ్లాదవరదుడును పల్లకీలో వేంచేసి, సుమారు నలువది దినములు, ముప్పదికి పైబడిన పల్లెలలో ఊరేగి, ఫాల్గుణమాసపు తమ కళ్యాణమునకు రమ్మని జనులను స్వయముగా పిలుతురు. చెంచులక్ష్మిని పెండ్లాడిన అల్లుడు గనుక చెంచులు పల్లకిమీదికి బాణములు వేసి పరిహాసమాడుదురు. దేవుడే పెండ్లిపిలుపులకు ఇల్లిల్లు తిరుగుట లోకములో మరెచ్చట నున్నదో నేనెరుగను. ఈ యుత్సవమునకు ప్రపంచవారసత్వపు గుర్తింపు కావలెనని విద్వాంసులు ప్రయత్నించుచున్నారు, సంతోషమే. అయితే పల్లకి గాలిలో పోదు. బోయీల భుజములపై పల్లెనుండి పల్లెకు పోవును. పోవుటకు దానికి ఒక దారి యున్నది. పొలములమీదుగా, వంకలమీదుగా, ఊరి అరుగులమీదుగా తరతరములుగా త్రొక్కబడిన దారి. ఉత్సవమునకు గుర్తింపు తెచ్చి దారిని దున్నుకొననిచ్చినచో, ఆ గుర్తింపుపత్రమును పల్లకిలో పెట్టుకొని హైవేమీద మోయవలసివచ్చును. ఏడాదిలో నలువది దినములు స్వామి నడచు బాట తక్కిన మూడువందల యిరువదియైదు దినములును మనుష్యుల కుపయోగపడినచో ఆగమమున కేమి విరోధము?

అహోబిలమునుండి మహానందికి పోవు దారిని మొదట కాగితముమీద పెట్టినవారిలో ఏనుగుల వీరాస్వామయ్యగారొకరు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసిగా నుండిన ఆయన 1830 మే 18వ తేదీన కాశీకి బయలుదేరి, కడప దాటి, అహోబిలమునకును, అచ్చటినుండి మహానందికిని, పిదప బండి ఆత్మకూరు, వెలుపనూరు, ఆత్మకూరులమీదుగా శ్రీశైలమునకును పోయిరి. 1838లో అచ్చుపడిన ఆయన యాత్రాచరిత్రను చదివినవారెరుగుదురు: మజిలీకి మజిలీకి ఎంత దూరమో, నీరు దొరకునో దొరకదో, అంగళ్ళున్నవో లేవో, దారి గులకయో రేగడియో, ఆయన ఏదియు విడువలేదు. నేటి పరుగుబాటల పటములలో నుండవలసిన సమాచారమంతయు అదియే. ఒక్క మాట మాత్రము అనకుండలేను. వీరాస్వామయ్యగారు వ్రాసిరి గాని మోసినవారు బోయీలు. మజిలీ దూరము ఆయనకు అంకె, వారికి ఊపిరి. పల్లకీలు మోసినవారు, పడవలు లాగినవారు, రైలు రాకమునుపు టపాసంచి భుజమున వేసికొని పరుగెత్తినవారు, వీరు పరచిన బాటలివి. హైవే అంచున లారీలకు ఒదిగి పరుగెత్తుచున్నవారిలో వారి మునిమనుమలు లేరని చెప్పగలవారెవరు?

పడమటికి ఒక శాఖ యుండవచ్చును. కుందేరు దాటి ఉయ్యాలవాడ, అచ్చటినుండి కోవెలకుంట్ల. 1846 జూలైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానామీద పడుటయు, 1847 ఫిబ్రవరి 22న ఆయనను అచ్చటనే ఉరితీయుటయు, ఆయన శిరస్సును 1877 వరకు కోటబురుజున వ్రేలాడనిచ్చుటయు అందరెరిగినవే, సినిమావారును ఎరుగుదురు. అదే ఉయ్యాలవాడలో 1866 కరవునాడు వేలాదిమందికి గంజి పోసిన బుడ్డా వెంగళరెడ్డిగారిని గూర్చి మాత్రము ఎవరైనను అడిగినప్పుడే చెప్పుదురు. ఆ శాఖను గూర్చి ఇంతకన్న విస్తరింపను. మొదట ప్రధానమార్గము కుదురనిండు.

పరుగునకును ప్రాచీనశిలలకును ఏమి సంబంధమని తమ కచేరీలో ఎవరైనను నవ్వవచ్చును. 1960 సెప్టెంబరు 10వ తేదీ సాయంకాలము రోమునగరములో ఒలింపిక్కు మారథాను పరుగు రోమనుల పురాతనమైన అప్పియా మార్గముమీదుగా, కాగడాల వెలుగులో నడచినది. చెప్పులు లేక పరుగెత్తిన ఇథియోపియా సైనికుడు అబెబె బికిలా, ఇటలీవారు తన దేశమునుండి 1937లో ఎత్తుకొనివచ్చి నిలిపిన అక్సూము శిలాస్తంభము ప్రక్కగా సాగి, కాన్‌స్టంటైను తోరణముకడ అందరికన్న ముందు చేరెను. ఆ స్తంభము 2005లో ఇథియోపియాకు తిరిగిపోయినది. బికిలా విజయమునకు ఆ రాతిస్తంభము కారణము కాదు. కాని స్టేడియములో గుండ్రముగా తిరిగి గెలిచియుండిన ఆ గెలుపునకు అంతటి అర్థము వచ్చియుండెడిది కాదు. మా పిల్లవాడు సంతజూటూరునుండి పరుగెత్తుచు ఇది ఎవరు కట్టిరి, ఎందుకు కట్టిరి అని ఒక్కసారి తలచినను, వ్రాతపరీక్షలో చరిత్రకు కొన్ని మార్కులైనను కలసివచ్చును. బడిపంతులు బుద్ధి నన్నింకను విడువలేదు, క్షమింపుడు.

తమ అధికారమునకు లోబడిన పని యిప్పుడు చెప్పెదను. 1949లో బ్రిటిషు పార్లమెంటు చేసిన యొక శాసనముచే, ఇంగ్లండులో పొలములగుండ పోవు కాలిబాటలనన్నిటిని సర్వేచేసి, పటములకెక్కించి, పటమునకెక్కిన బాటను భూమి సొంతదారుడైనను మూయరాదని కట్టడి చేసిరి. మన రాష్ట్రములో 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలైనది. నూరేండ్ల తరువాత జరుగుచున్న పని యిది. పాత గ్రామనక్షాలలో చుక్కలగీతలుగా నున్న బండ్లబాటలు, రస్తాలు, వంకపోరంబోకులు క్రొత్తపటములలో నిలుచునో నిలువవో ఈ విడతలోనే తేలిపోవును. పట్టాదారు తన సెంటుకై వచ్చి నిలుచును. బాటకు పట్టాదారు లేడు. దాని తరఫున నిలుచువారు తమరే. ఒక్క ఉత్తరువుతో మండల సర్వేయర్లచేత ఈ మార్గముమీది రస్తాలన్నిటికి హద్దురాళ్ళు వేయింపుడు.

ఆ రాళ్ళను గూర్చి కొంచెము ఆశపడుచున్నాను. భౌగోళిక గుర్తింపు పొందిన శిల్పకళ ఆళ్లగడ్డలో నున్నది. అచ్చటి శిల్పులు చెక్కిన దేవతామూర్తులు దూరదేశములకు పోవుచున్నవి. ఇనుపరేకుమీద రంగువేసిన బోర్డు రెండు వానకాలములకు తుప్పుపట్టును. అందులో నాయకుని ముఖమే గాని దారి వివరములుండవు. కిలోమీటరునకొక చిన్న రాయి, దానిమీద ఊరిపేరు, తరువాతి ఊరికి దూరము, ఆ తావు కథ రెండు పంక్తులలో, ఆళ్లగడ్డ ఉలితో చెక్కింపుడు. నంద్యాల వ్యవసాయ పరిశోధనకేంద్రము గోడప్రక్కను ఒక రాయి వేసినచో, 1906లో పుట్టిన ఆ క్షేత్రమునుండి వెలువడిన పత్తివంగడమునకు ‘నరసింహ’ యని పేరున్న సంగతి దానిమీద వ్రాయవచ్చును. అహోబిలమునకు పోవు దారిలో దానికన్న సమంజసమైన ముచ్చట మరి యేదియుండును?

నీడ లేక ఈ బాట నిలువదు. మా యెండలు తమకు తెలియనివి కావు. వేసవిలో ఏడు దాటినచో మనిషి బయట నిలువజాలడు. రోడ్డు వెడల్పు చేసిననాడు పోయిన చింతలకు బదులు కట్టకు వెలుపలి అంచున వేప, కానుగ, చింత నాటింపుడు. రెండేండ్లు నీరు పోయు బాధ్యత ఉపాధిహామీ పనిలో చేర్చినచో ఖర్చునకు వెతుకుకొనవలసిన పని లేదు. ఆడుపిల్లలు చీకటిలో ఒంటరిగా పరుగెత్తజాలరు. వంతెనలకడ దీపములు, పల్లెకొక మరుగుదొడ్డి, వేకువవేళ ఒక మహిళాపోలీసు గస్తీ. ఇవి లేనిచో ఆ బాట సగము జనమునకు లేనట్లే. తూర్పుదెసను మాత్రము హద్దు మీరరాదు. నల్లమల పులులకు నెలవు. మహానంది పరిసరములలో చిరుతలు సంచరించుట తమ అటవీశాఖవారే చెప్పుదురు. కావున మార్గము అడవి అంచునకు ఎడముగా పొలములలోనే సాగి దిగువ అహోబిలముకడ ముగియవలెను. ఎగువకు ఎక్కుటయు నవనారసింహులను దర్శించుటయు పట్టపగలు యాత్రికులు చేయవలసిన పని, పరుగెత్తువారిది కాదు.

నీటిపారుదలశాఖవారు కట్ట ప్రజలు తిరుగుటకు కాదందురు. జనులు తిరుగుటచే కట్ట చెడదు, ట్రాక్టర్లు ఇసుకతో తిరుగుటచే చెడును. ఉదయము నాలుగునుండి ఏడువరకు బండ్లను ఆపినచో వారి కట్టకే మేలు. పర్యాటకశాఖవారు దీనిని విని సంతోషించి, ఏడాదికొక ఆదివారమున జెండా ఊపి, రంగుచొక్కాలు పంచి, డీజే పెట్టి ‘ఐదు కిలోమీటర్ల పరుగు’ జరిపించెదమందురేమో! అది వద్దు. ఆ ఒక్క ఆదివారపు ఖర్చుతో సంవత్సరమంతయు కంప నరికింపవచ్చును. బెలుము గుహలకును యాగంటికిని బస్సులలో వచ్చువారికి తగిన వసతులు ఇప్పటికే చేసియున్నారు. ఇది చూడవచ్చువారికి గాక ఇక్కడ బ్రదుకువారికి కావలసినది.

పని అంతయు ఒకేసారి కాదని నేనెరుగుదును. మొదటివిడతగా నంద్యాలనుండి ఆళ్లగడ్డవరకు కాలువకట్టను కనుమలోపల శుభ్రపరచి, బండ్లకు వేళలు నిర్ణయించి, రస్తాల హద్దులను సర్వేచేయుటకు ఉత్తరువు లీయవలసినదని ప్రార్థన. తమరు స్వయముగా వచ్చి చూడదలచినచో ఐదింటికి ముందే రండు. పరుగెత్తనక్కరలేదు, నాతోపాటు నడువవచ్చును. ప్రత్యుత్తరము నా పేర పంపనక్కరలేదు. ఏ శాఖకు ఏ పని అప్పగించినారో, ఏ తేదీకి ముగియవలెనో వ్రాసి మా గ్రామ సచివాలయపు నోటీసుబోర్డుమీద అంటింపజేసినచో, చదువవలసినవారు వేకువను ఆ దారినే పోవుచుందురు గనుక తప్పక చదువుకొందురు.

ఇట్లు,
విధేయుడు,
కొత్తపల్లె వాస్తవ్యుడొకడు